కాలువ మీద వంతెన ఎవరిది?

(మండల రైతు సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ధాన్యం ధర గురించి, తేమ శాతం గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మాకు అప్పజెప్పిన అంశం వంతెనలు. "ఇదేం రైతు సమస్య, రోడ్లవాళ్ల సమస్య కదా" అని వెనక బల్లల మీద ఎవరో అనడం మాకు వినపడింది. అందుకని ముందు ధాన్యం లెక్కే చెబుతాం.

కాలువకు అవతల ఐదొందల ఎకరాలున్న ఊరు ఒకటి ఉందనుకుందాం. దాళ్వాలో ఎకరాకి నలభై బస్తాలు, బస్తా 75 కిలోలు. మొత్తం 20 వేల బస్తాలు, అంటే 1,500 టన్నులు. ఈ ధాన్యమంతా ఒక్క వంతెన దాటే రోడ్డెక్కాలి. ఆ వంతెన మొదట్లో "శిథిలావస్థలో ఉన్నది, భారీ వాహనములకు ప్రవేశము లేదు" అని బోర్డు పెట్టి, అడ్డంగా ఇనుప కమ్మీ పాతారనుకోండి. లారీ కళ్లం దగ్గరికి రాదు. ట్రాక్టరు మీద ఇవతలి గట్టుకి తెచ్చి, దింపి, మళ్లీ లారీకి ఎత్తాలి. ఎత్తుడు కూలి రెండుసార్లు, మధ్యలో ట్రాక్టరు కిరాయి. బస్తాకి ఇరవై రూపాయలే అదనంగా పడిందనుకున్నా, ఆ ఊరికి ఒక్క పంటకి నాలుగు లక్షలు. సార్వాకి దిగుబడి కాస్త తక్కువ వేసుకున్నా ఏడాదికి ఏడు లక్షలకి తక్కువ కాదు. వంతెన బాగుచేయడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదంటారు. ఆ డబ్బు రైతు ఏటా కడుతూనే ఉన్నాడు, రసీదు లేదు అంతే.

ఇది ధాన్యం వరకే. కోత మిషను చుట్టూ తిరిగి రావాలంటే దాని యజమాని ఆ ఊరిని చివరికి నెట్టేస్తాడు. వంతెన బాగున్న ఊళ్లన్నీ కోసి, తర్వాత వస్తాడు. ఆ మధ్యలో వాన పడిందంటే ఆ నష్టం ఏ లెక్కలోకీ రాదు.

మన డెల్టా వంతెనలు ఎలా పుట్టాయో కొంచెం చెప్పుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. దాని వెంట తవ్విన కాలువలు సాగునీటికే కాదు, పడవలకి కూడా. అందుకే లాకులు కట్టారు. అందుకే పాత వంతెనలు మధ్యలో ఎత్తుగా, ఆర్చి కింద నుంచి పడవ పోయేలా ఉంటాయి. అప్పట్లో వాటి మీద నడిచింది ఎడ్లబండి. నిండా తోలినా టన్నో, టన్నున్నరో. తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది, పడవలు పోయాయి, రోడ్లు వచ్చాయి. యాభైల నుంచి డెబ్బైల దాకా చాలాచోట్ల సిమెంటు పలకల వంతెనలు కట్టారు. ఆ తర్వాత ఆనకట్టనే మార్చి బ్యారేజీ కట్టుకున్నాం. కాలువల మీది వంతెనలు మాత్రం చాలా ఊళ్లలో ఆనాటివే.

మరి వాటి మీద ఇప్పుడు నడిచేదేమిటి? నూరు బస్తాలు వేసిన ట్రక్కు, దాన్ని లాగే ట్రాక్టరు కలిపి పది టన్నులు దాటుతుంది. చెరువులకి మట్టి తోలే టిప్పర్లు, రొయ్యల మేత లారీలు, ఐసు లారీలు ఇంకా ఎక్కువ. పైగా 2018లో కేంద్ర ప్రభుత్వం లారీల ఇరుసు బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్లున్న ఇరుసు మీద 10.2 టన్నులు ఉండేది 11.5 టన్నులు చేసింది. బండి బరువు పెంచడానికి ఒక నోటిఫికేషన్ సరిపోయింది. దాన్ని మోసే వంతెనకి ఏ నోటిఫికేషనూ బలం పెంచలేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పాతదంతా కూల్చేసి కొత్తది కట్టమని అడగడం మా ఉద్దేశం కాదు. డంగుసున్నంతో కట్టిన ఆర్చిలో ఇనుము లేదు, తుప్పు పట్టడానికి. ఇటుకల సందుల్లో రావిమొక్క మొలవనివ్వకపోతే, పునాది కింద మట్టి కోసుకుపోకపోతే అది ఇంకా చాలాకాలం నిలబడుతుంది. మాకు ఎక్కువ భయం సిమెంటు పలకల వంతెనల గురించే. పైన వాననీళ్లు పోయే గొట్టాలు మట్టితో పూడుకుపోతాయి. నీళ్లు నిలుస్తాయి. నిలిచిన నీళ్లు పగుళ్లలోంచి లోపలి చువ్వకి చేరతాయి. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే కింద కాంక్రీటు పెచ్చులు ఊడుతుంది. ఉప్పునీళ్ల ప్రాంతంలో, చెరువుల దగ్గర ఇది మరీ తొందరగా జరుగుతుంది. పైనుంచి చూస్తే తారు నున్నగా ఉంటుంది. వంగి కింద చూస్తే చువ్వలు ఎముకల్లా కనపడతాయి. వంతెన ఆరోగ్యం తెలియాలంటే కిందకి దిగి చూడాలి. మన దగ్గర దిగి చూసే మనిషి లేడు.

ఒకప్పుడు ఉండేవాడు. లస్కరు. గట్టు వెంట నడిచేవాడు, గండి పడకుండా చూసేవాడు, గుర్రపుడెక్క వంతెన కానాలకి అడ్డం పడితే తీయించేవాడు. రావిమొక్క చిటికెనవేలంత ఉన్నప్పుడే పీకేసేవాడు. ఆ పోస్టులు ఖాళీ అవుతూ వచ్చాయి, నింపలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. చిటికెనవేలంత మొక్క పీకడానికి అరపూట కూలి చాలు. అదే మొక్క పదేళ్లయ్యాక వేరు ఆర్చిని చీలుస్తుంది. అప్పుడు లక్షలు కావాలి, ఎస్టిమేటు కావాలి, టెండరు కావాలి.

ఇక ఈ వంతెన ఎవరిది? మా సభ్యులున్న ఒక ఊరి వంతెన గురించి మూడేళ్లపాటు అర్జీలు పెట్టాం. పిట్టగోడ ఒకవైపు కూలిపోయింది, రాత్రిపూట సైకిలు మీద వచ్చే మనిషి కాలువలో పడే పరిస్థితి. మొదటి ఆఫీసులో "కాలువ మాది, దాని మీది రోడ్డు మాది కాదు" అన్నారు. రెండో ఆఫీసులో "రోడ్డు మాదే, వంతెన మాత్రం కాలువ వాళ్లు కట్టింది, మా రికార్డులో లేదు" అన్నారు. పంచాయతీకి వెళితే సర్పంచి నవ్వి, "నాకు వీధి దీపాలకే చాలడం లేదు" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టేశారు. మిగతా 40 శాతంలోనే ఊరి అవసరాలన్నీ చూడాల్సి వచ్చేది. చివరికి ఆ ఊరి రైతులే వెదురు గడలు కట్టి, ఎర్రగుడ్డ వేలాడదీశారు. ఆ ఎర్రగుడ్డ తప్ప ఆ వంతెనకి వేరే యజమాని లేడు.

ఈ చిక్కు ఒక్క ఊరిది కాదు. డెల్టాలో కాలువ ఒక శాఖది, మురుగు కాలువ ఇంకో విభాగానిది, రోడ్డు పంచాయతీరాజ్‌దో, ఆర్ అండ్ బీదో. రోడ్డు, కాలువ కలిసే చోట వంతెన ఉంటుంది, బాధ్యత మాత్రం కలవదు.

డబ్బు సంగతి కూడా ఇలాంటిదే. కొత్తది కట్టడానికి దారులు చాలానే ఉన్నాయి. నాబార్డులో గ్రామీణ మౌలిక వసతుల అభివృద్ధి నిధి 1995-96 నుంచి ఉంది, దాని నుంచి రాష్ట్రాలు వంతెనలకి అప్పు తెచ్చుకుంటాయి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరులో మొదలైంది. దాని నాలుగో దశకి 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 70,125 కోట్ల రూపాయలతో అనుమతి ఇచ్చింది, 62,500 కిలోమీటర్ల రోడ్లు, అవసరమైన చోట వంతెనలు. మంచిదే. వద్దనం. కానీ ఆ పథకం రోడ్డుకి కాంట్రాక్టరు నిర్వహణ ఐదేళ్లు. ఆరో ఏడు నుంచి రాష్ట్రం చూసుకోవాలి. వంతెన ఐదేళ్లు బతకడానికి కట్టేది కాదు కదా, యాభై, అరవై ఏళ్లు ఉండాలి. మిగతా యాభై ఏళ్లకి డబ్బు ఏ పద్దులో ఉందని అడిగితే ఎవరూ చెప్పరు.

ఎందుకు లేదో మనందరికీ తెలుసు. కొత్త వంతెనకి శంకుస్థాపన రాయి ఉంటుంది, ప్రారంభోత్సవం రాయి ఉంటుంది, రెండు రాళ్ల మీదా పేర్లు ఉంటాయి. పూడిన గొట్టం శుభ్రం చేసినందుకు ఎవరైనా రాయి వేయించుకున్నారా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఇది మేం చాలా ఊళ్లు తిరిగాక, ఇంజనీర్లతో విడిగా కూర్చున్నాక మాకు అర్థమైనది. నిధులు లేకపోవడం ఎంత నిజమో, వచ్చిన నిధి అక్కరకు రాకపోవడమూ అంతే నిజం. కాలువ వంతెన పునాది, స్తంభం అడుగు, ఆర్చి కాళ్లు చూడాలన్నా, బాగుచేయాలన్నా కాలువ ఎండాలి. మన కాలువలు కట్టేది ఏప్రిల్ నడిమినో చివరనో, వదిలేది జూన్ మొదట్లో. నెల, మహా అయితే నెలన్నర. ఏడాది మొత్తానికి పని చేయగల రోజులు అవే. మరి ప్రభుత్వ లెక్కల సంవత్సరం ఎప్పుడు మూస్తారు? మార్చి 31న. ఖర్చు కాని డబ్బు ఆ రాత్రితో మురిగిపోతుంది. ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ వస్తుంది, కానీ అది కింద డివిజన్ ఆఫీసుకి చేరి, ఎస్టిమేటుకి అనుమతి వచ్చి, టెండరు పిలిచేసరికి జూన్. కాలువలో నీళ్లు. అంటే ఖాతాలో డబ్బున్నప్పుడు కాలువలో నీళ్లుంటాయి, కాలువ ఎండినప్పుడు ఖాతా ఎండిపోయి ఉంటుంది.

ఈ ముడి విప్పకుండా ఎన్ని కోట్లు మంజూరు చేసినా పని హడావుడిగానే జరుగుతుంది. మే ఇరవైన మొదలెట్టిన కాంట్రాక్టరు పది రోజుల్లో ఏం చేస్తాడు? పైన సిమెంటు పూసి సున్నం కొట్టి పోతాడు. అసలు కాంట్రాక్టరు వస్తే కదా. పాత బిల్లులు రానివాడు చిన్న పనికి టెండరు వేయడు. అందుకే మన డిమాండులో మొదటిది మొత్తం గురించి కాదు, తేదీ గురించి. కాలువలు కట్టేసిన రోజున పని మొదలవ్వాలంటే, ఎస్టిమేటు సంక్రాంతి నాటికి తయారవ్వాలి, టెండరు ఫిబ్రవరి చివరికి ఖాయమవ్వాలి. ఆ పనికి కేటాయించిన సొమ్ము మార్చి 31న వెనక్కి పోకుండా, జూన్ దాకా వాడుకునేలా ప్రత్యేక ఉత్తర్వు ఉండాలి. వంతెనల నిర్వహణకి వేరే పద్దు ఉండాలి. లేకపోతే దాన్ని పూడికతీతకో, అత్యవసర గండి పనికో మళ్లిస్తారు.

పూడికతీత అన్నాం కాబట్టి ఒక హెచ్చరిక. 2024 జూన్, జూలై నెలల్లో బీహారులో వరసగా వంతెనలు కూలిన వార్తలు మీరు చదివే ఉంటారు. సివాన్, సారణ్ జిల్లాల్లో కూలిన వాటిలో చాలా మటుకు చిన్నవి, పాతవి. నదిలో పూడిక తీసేటప్పుడు ఆ వంతెనల రక్షణ ఇంజనీర్లు పట్టించుకోలేదని అక్కడి ప్రభుత్వమే చెప్పి, పది మందికి పైగా ఇంజనీర్లని సస్పెండ్ చేసింది. మన దగ్గరా పొక్లెయిన్ దింపి వంతెన స్తంభాన్ని ఆనుకుని తవ్వుతారు. లోతుగా తవ్వితే నీళ్లు బాగా పారతాయని మనమే సంతోషిస్తాం. పాత వంతెన పునాది అంత లోతు ఉండదు. కాబట్టి ఈ ఎండాకాలం మీ ఊళ్లో పూడిక తీస్తుంటే, వంతెన దగ్గరకి వచ్చేసరికి మిషను ఆపించి, ఇంజనీరు దగ్గరుండాలని అడగండి. బీహారు ప్రభుత్వం ఆ దెబ్బ తర్వాత 2025లో వంతెనల నిర్వహణకంటూ ఒక విధానం తెచ్చుకుంది. మనం కూలేదాకా ఆగాలా?

2025 జూలై 9న గుజరాత్‌లో మహీ నది మీది గంభీర వంతెన కూలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది నూరేళ్ల నాటిది కాదు, 1985లో ప్రారంభించింది, నలభై ఏళ్లది. బాగాలేదని అక్కడివాళ్లు ముందే మొరపెట్టుకున్నట్టు పత్రికల్లో వచ్చింది. దానికి ముందు నెలలోనే, జూన్ 15న, పుణె దగ్గర ఇంద్రాయణి నది మీద పాత ఇనుప వంతెన కూలి నలుగురు పోయారు. ఇవి చెప్పి మిమ్మల్ని భయపెట్టాలని కాదు. అర్జీ పెట్టి ఊరుకుంటే పని అవ్వదని చెప్పడానికి. అర్జీకి నంబరు ఉండాలి, వంతెనకీ నంబరు ఉండాలి.

అవును, వంతెనకి నంబరు. జాతీయ రహదారుల వంతెనలన్నిటికీ 2016లో కేంద్రం ఒక జాబితా వ్యవస్థ పెట్టింది. ఒక్కో వంతెనకి గుర్తింపు సంఖ్య, దాని పరిస్థితికి మార్కులు. మన ఊరి వంతెనకి అలాంటిది లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని 1934లో పెట్టిన సంస్థ ఉంది, రోడ్లకీ వంతెనలకీ ప్రమాణాలు రాసేది అదే. తనిఖీ ఎలా చేయాలో వాళ్లు ఎస్పీ 35 అనే పుస్తకంలో రాసి పెట్టారు. మామూలు తనిఖీ, వివరమైన ప్రధాన తనిఖీ, వరదో ప్రమాదమో జరిగాక ప్రత్యేక తనిఖీ. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. మనం అడిగేది ఆ పుస్తకంలోని తనిఖీని పల్లెటూరి వంతెనకి కూడా చేయమని. కాలువ కట్టినప్పుడు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి. చూసిన కాగితం సచివాలయం గోడకి అంటించాలి. ఎంత బరువు మోయగలదో తేల్చి బోర్డు మీద టన్నుల్లో రాయాలి. "భారీ వాహనములు" అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది?

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకి కూడా జవాబు ఉండాలి. మనం నీటి తీరువా కడుతున్నాం, ఎకరాకి మొదటి పంటకి 200, రెండో పంటకి 150. 1997 చట్టం ప్రకారం నీటి సంఘాలు ఉన్నాయి, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలూ అయ్యాయి. ఆ సంఘాల పనుల జాబితాలో కాలువ మీది వంతెనల చిన్న మరమ్మతు చేర్చి, తీరువాలో వాటికి రావాల్సింది సకాలంలో ఇస్తే మొక్కలు పీకడం, గొట్టాలు శుభ్రం చేయడం, పిట్టగోడ కట్టడం ఊళ్లోనే అయిపోతుంది. పెద్ద పని, అంటే పలక మార్చడం, పునాదికి రక్షణ కట్టడం, అది ప్రభుత్వమే బడ్జెట్ నుంచి చేయాలి. ధాన్యం మీద వచ్చే మార్కెట్ సెస్సులోంచి కూడా వాటా అడగాలని మా అభిప్రాయం. మార్కెట్ కమిటీ డబ్బుతో లింకు రోడ్లు వేసిన సందర్భాలు ఉన్నాయి. ఆ రోడ్డు మధ్యలోని వంతెన మాత్రం ఎందుకు కాకూడదు? రైతుల దగ్గర ఎకరాకి ఇంత అని చందా వసూలు చేసి వంతెన బాగుచేసుకోమని ఒకరిద్దరు అధికారులు సలహా ఇచ్చారు. మేం ఒప్పుకోం. శ్రమదానానికి వస్తాం, గుర్రపుడెక్క తీస్తాం. రెండోసారి పన్ను కట్టం.

మన వైపు నుంచి కూడా ఒక కట్టుబాటు కావాలి. బోర్డు మీద పది టన్నులని రాసి ఉంటే మట్టి టిప్పరుని మన చెరువు కోసమైనా సరే దాని మీద ఎక్కించకూడదు. ఇది చెబితే కొందరికి కోపం వస్తుందని తెలుసు. ఒక చెరువు మట్టి కోసం ఐదొందల ఎకరాల దారి పోగొట్టుకోలేం.

చివరిగా పని. సంఘం ఒక్క పేజీ ఫారం వేయించింది, బయట బల్ల మీద ఉంది. వంతెన ఏ కాలువ మీద, ఏ రెండు ఊళ్ల మధ్య, ఎన్ని కానాలు, ఆర్చా పలకా. అవతల ఎన్ని ఎకరాలు, బడి బస్సు వెళుతుందా, చుట్టూ తిరిగితే ఎన్ని కిలోమీటర్లు. చువ్వలు కనపడుతున్నాయా, చెట్టు మొలిచిందా, పిట్టగోడ ఉందా. కాలువ కట్టాక ఇద్దరు కలిసి కిందకి దిగి చూడండి, ఒక్కరే దిగొద్దు, బురద ఉంటుంది, పాములుంటాయి. ఫోటోలు రెండు, ఒకటి పక్క నుంచి, ఒకటి కింద నుంచి. నీటి సంఘం అధ్యక్షుడి సంతకం పెట్టిస్తే మంచిది, పెట్టకపోతే ఆయన పేరు రాసి "సంతకం నిరాకరించారు" అని రాయండి. నింపిన ఫారాలు మే పదో తేదీలోగా మండల కమిటీకి చేర్చండి. మండలం మొత్తం జాబితా అట్టకట్టి, ప్రతి వంతెనకీ మనమే ఒక నంబరు వేసి, కలెక్టరు గారికి, రెండు శాఖల ఇంజనీర్లకీ ఒకేసారి ఇస్తాం. "మాది కాదు" అనేవాళ్లు ఆ నంబరు ఎదురుగా రాసి సంతకం చేయాలని అడుగుతాం. ఫారాలు చాలకపోతే జెరాక్సు తీయించుకోండి, ఖర్చు సంఘం ఇస్తుంది.